కారుకు 5 శాతం, అందులోని సాఫ్ట్‌వేర్‌కు 18 శాతం: షోరూములో నా అనుభవం

హైదరాబాద్‌లో విద్యుత్ కారు కొనడం నల్లేరు మీద బండి నడకే. తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు ఈ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మాఫీ. ఇదే ధరకు పెట్రోలు కారు తీసుకుంటే జీవితకాల పన్నే లక్ష దాటేది. జీఎస్‌టీ 5 శాతం. 2025 సెప్టెంబరులో శ్లాబులు మార్చినప్పుడు కూడా దీని జోలికి పోలేదు. మా అపార్ట్‌మెంట్ సంఘం చార్జరుకు అడ్డు చెప్పలేదు. ఆకుపచ్చ నంబరు ప్లేటూ వచ్చేసింది.

నా రక్తం మరిగించింది సాఫ్ట్‌వేర్. కారు తన లేన్ దాటకుండా, ముందున్న బండికి దూరం పాటిస్తూ నడిచేందుకు కావలసిన కెమెరాలు, రాడార్ కారులోనే బిగించి ఉన్నాయి. కొన్నాళ్లు ఉచితంగా వాడనిచ్చి, ఆ తరువాత ఫోను యాప్‌లో డబ్బు కడితేనే పని చేయిస్తారు. బుకింగ్ రోజున సేల్స్ కుర్రాడు, "ఎప్పుడు కొన్నా 30,000 రూపాయలే సార్, పన్నులన్నీ కలిపే" అన్నాడు. ఆ మాటే కొటేషన్ కాగితం అడుగున రాసి సంతకం పెట్టమన్నాను. పెట్టాడు.

గడువు ముగిశాక యాప్ తెరిస్తే 35,400 చూపించింది. కట్టాను. వచ్చిన ఇన్వాయిస్‌లో ఐజీఎస్‌టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలపై వేసే జీఎస్‌టీ) 18 శాతం, 5,400 రూపాయలు అని ఉంది. అమ్మింది షోరూము కాదు, వేరే రాష్ట్రంలో ఉన్న తయారీ కంపెనీ.

ఇన్వాయిస్, కొటేషన్ పట్టుకుని నేనూ నా భార్యా షోరూముకు వెళ్లాం. మేనేజరు కాగితాలు ముట్టుకోలేదు. పక్కన ఒక కుటుంబం కొత్త కారుకు దండ వేసి ఫొటోలు దిగుతోంది. వాళ్లందరూ వినేలా, "పదిహేను లక్షల కారు కొన్నవారు ఐదు వేల కోసం వచ్చారా?" అన్నాడు. ఆ కుటుంబం తిరిగి చూసింది. నా భార్య తల దించుకుంది. అది నేను మరిచిపోలేను. ఆపైన నాకు పన్ను పాఠం మొదలుపెట్టాడు: అది ఆర్టీఓ నిబంధనట, జీఎస్‌టీ నంబరు ఇస్తే సొమ్మంతా వెనక్కి వస్తుందట.

నేను బేగంబజార్‌లో టోకు వ్యాపారుల లెక్కలు చూస్తాను. నెలనెలా 20వ తేదీలోగా వాళ్ల జీఎస్‌టీ రిటర్ను, అంటే జీఎస్‌టీఆర్-3బీ, దాఖలు చేయడం నా వృత్తి. ఆలస్య రుసుము కట్టించిన చరిత్ర నాకు లేదు. సొంత వాడకానికి కొన్న దాని మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్‌టీని తిరిగి పొందడం) రాదని జీఎస్‌టీ చట్టం సెక్షన్ 17(5) చెబుతోంది. నంబరు ఇచ్చి తీసుకుంటే అది దొంగ క్రెడిట్. ఆర్టీఓకు జీఎస్‌టీతో సంబంధమే లేదు. ఈ రెండు ముక్కలూ ఆయన గొంతు స్థాయిలోనే చెప్పాను.

అసలు మెలిక వేరే ఉంది. 5 శాతం రేటు విద్యుత్ వాహనమనే సరుకుకు, దాని చార్జరుకు. ఇదే సదుపాయం పై వేరియంట్‌లో ముందే చేర్చి అమ్మితే అది కారు ధరలో భాగం, దాని మీదా 5 శాతమే. తరువాత విడిగా కొంటే సాఫ్ట్‌వేర్ సేవ, 18 శాతం. బయటి స్టేషన్‌లో చార్జింగ్ చేయించుకున్నా సేవ కిందే 18 శాతం. అదే కెమెరా, అదే కారు, అదే కొనుగోలుదారు; 30,000 మీద తేడా 3,900. పెట్రోలు మానండి అని ప్రోత్సహించే ప్రభుత్వం ఈ తేడాను సరిచేయాలి. కార్లలో సదుపాయాలు యాప్ ద్వారా అమ్మే పద్ధతి పెరిగేకొద్దీ ఈ 18 శాతం అందరి నెత్తినా పడుతుంది. కంపెనీ నా దగ్గర వసూలు చేసిన పన్ను చట్టప్రకారం సరైనదే. తప్పుడు మాట రాసిచ్చింది షోరూము, కాబట్టి 5,400 భరించాల్సింది కూడా షోరూమే.

ఆ మాటే రాసి, కొటేషన్ నకలు జతచేసి, వినియోగదారుల కమిషన్‌కు వెళతానని షోరూము యాజమాన్యానికి ఈమెయిల్ పంపాను. వెంటనే స్వరం మారింది. డబ్బు బదులు సీటు కవర్లు, మ్యాట్లు ఇస్తామన్నారు. ఒప్పుకోలేదు. నిన్న సాయంత్రం 5,400 నా బ్యాంకు ఖాతాలో పడింది. మేనేజరు క్షమాపణ చెప్పలేదు. ఆ షోరూములో సర్వీసింగ్‌కు కూడా అడుగు పెట్టను.

మీరు కొంటుంటే, ఏ సదుపాయం కారు ఇన్వాయిస్‌లో వస్తుంది, ఏది యాప్‌లో కొనాలి, దాన్ని ఎవరు అమ్ముతారు అన్నవి బుకింగ్‌కు ముందే రాయించుకోండి. యాప్‌లో కొనేదైతే, పై వేరియంట్ ధరతో పోల్చేటప్పుడు 18 శాతం కలిపి లెక్క వేయండి. మరొకటి: కారు ధర 10 లక్షలు దాటితే షోరూము 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే ముందుగా తీసుకునే ఆదాయపు పన్ను) వసూలు చేస్తుంది. అది ఆదాయపు పన్ను రిటర్నులో మీకు జమ అవుతుంది. ఇన్వాయిస్ మీద మీ పాన్ సరిగా ఉందో లేదో అక్కడే చూసుకోండి, తరువాత ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పేరున జమైన పన్నుల వివరాల్లో ఆ మొత్తం కనిపించాలి.