పాత రాతి ఇంటి లోపలి గోడల గిలాబా (ప్లాస్టరు) తీయడం: నా అనుభవం

గిలాబా మీద మొదటి దెబ్బ పడకముందే కరెంటును మెయిన్ దగ్గరే తీయించాను, నీళ్ల లైను కట్టేయించాను. స్విచ్ ఆపితే చాలదు. ఎప్పుడో వేసిన వైరు గోడలో ఎటు పోతుందో పైకి తెలియదు. ద్వారబంధాలకు ఫొటోలు తీసి, ప్రతి చెక్క వెనక నంబరు వేశాను. పాత ఇళ్లలో ఆస్‌బెస్టాస్ రేకులు కనిపిస్తే మాత్రం పగలగొట్టొద్దు, ఆ పని తెలిసినవాళ్లనే పిలవాలి.

ముందు సీలింగు, తర్వాత గోడలు, చివర నేల. సుత్తి పిడితో గోడంతా తడుతూ పోయాను. డొల్లగా మోగిన చోట గిలాబా రాయిని వదిలేసింది. గట్టిగా మోగిన సున్నపు గిలాబాను ఉంచేశాను. సిమెంటు గిలాబాను మాత్రం గట్టిగా ఉన్నా మొత్తం తీశాను. మట్టితోనో సున్నంతోనో కట్టిన గోడలో చెమ్మ ఆరిపోవడానికి దారి ఉండాలి. సిమెంటు ఆ దారి మూసేస్తే, తడి వెనకే నిలిచి దూలాల కొనలను కుళ్లబెడుతుంది.

ఉలిని ఏటవాలుగా పట్టి అంచు నుంచి లేపితే పెచ్చులుగా ఊడుతుంది. నిటారుగా కొడితే రాయి చెక్కుకుపోతుంది. బ్రేకర్ మిషను నేను వాడలేదు. ఆ అదురుకి రాళ్ల మధ్య మట్టి రాలుతుంది. ఇలాంటి గోడల్లో చాలావాటికి రెండు వరసల మధ్య చిల్లరాళ్లు, మట్టి నింపి ఉంటాయి. ఒక్క రాయి ఊడితే ఆ నింపుడంతా కారడం మొదలవుతుంది. ఆ బొక్కను అప్పటికప్పుడే చిల్లరాళ్లు, సున్నపు మాలుతో మూసెయ్యాలి.

25 మిల్లీమీటర్ల మందం గిలాబా చదరపు మీటరుకు 40 నుంచి 50 కిలోలు తూగుతుంది. అంటే 40 చదరపు మీటర్ల గోడలకు 1600 కిలోలు పైనే. దాన్ని మేడమీద చెక్క నేలపై కుప్ప పోయకూడదు, ఏ రోజుది ఆ రోజే దింపాలి. దుమ్ముకి గుడ్డ కట్టుకుంటే ఆగదు, కనీసం ఎన్95 మాస్కు పెట్టుకోవాలి.

దూలం గోడలోకి దిగే చోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. మెత్తగా దిగబడితే కింద జాకీ పెట్టాకే ఆ గోడను ముట్టుకోవాలి. పలచని అడ్డగోడను కూడా తేలిగ్గా తీసుకోవద్దు, వంగిన వాసాలు కాలక్రమేణా దాని మీదే ఆనుకుని ఉండొచ్చు. నేల తవ్వేటప్పుడు గోడ అడుగురాయి కంటే లోతుకు పోకూడదు. ఈ ఇళ్ల పునాదులు తరచు లోతు తక్కువే.

గోడ ఆరుతుంటే తెల్లటి ఉప్పు పొర పైకి వస్తుంది. కడిగితే నీటితోపాటు మళ్లీ లోపలికే పోతుంది. పొడి బ్రష్షుతో దులిపి, ఎత్తి బయట పారేశాను.