గా మాస్టారు

మా ఇంగ్లీషు మాస్టారికి మేం చాటుగా పెట్టుకున్న పేరు ‘గా మాస్టారు’. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఏమీ అనేవారు కాదు.

తొమ్మిదో తరగతిలో ఆడ్వెర్బ్, అదే క్రియావిశేషణం అంటేనే మాకు టెన్షన్. నిర్వచనం బట్టీ పట్టాం గానీ ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఆ రోజు ఆయన పుస్తకాలు మూయించి, వెనక బెంచీవాణ్ణి బోరింగు దాకా వెళ్లి రమ్మన్నారు.

“ఎలా వెళ్లాడ్రా?”

“బద్ధకంగా సార్!”

“ఆ ‘గా’ ఉంది చూశారూ, ఇంగ్లీషులో చాలాచోట్ల దాని పని ఎల్‌వై చేస్తుంది. లేజీ బద్ధకం మనిషి, లేజిలీ వాడి నడక.”

ఎక్కడికి వెళ్లాడు? దేర్. ఎప్పుడు? నౌ. మాటిమాటికీ వెళ్తాడా? ఆఫెన్. ఎంత బద్ధకంగా? వెరీ. మేనర్, ప్లేస్, టైమ్, ఫ్రీక్వెన్సీ, డిగ్రీ అనే ఆడ్వెర్బ్ రకాలన్నీ వాడు తిరిగొచ్చేలోపే అయిపోయాయి. క్రియావిశేషణం అన్న పేరు చూసి మోసపోవద్దనీ, వెరీ లాంటివి విశేషణాలకీ, తోటి ఆడ్వెర్బ్‌లకీ కూడా అతుక్కుంటాయనీ చెప్పారు. ఫాస్ట్‌కి ఎల్‌వై తగిలించకూడదు, ఫ్రెండ్లీకి ఎల్‌వై ఉన్నా అది విశేషణమే, హార్డ్ వేరు, హార్డ్‌లీ వేరు అని కూడా చెప్పారట. ‘చెప్పారట’ అని ఎందుకంటున్నానంటే, ఫస్ట్ బెల్లుకి ఏనాడూ అందని నేను అప్పటికి కిటికీలోంచి బోరింగు వైపే చూస్తున్నాను.

డిగ్రీ అయ్యాక మొదటి ఇంటర్వ్యూలో దాని ఫలితం అనుభవించాను. కష్టపడి పనిచేస్తానని చెప్పాలని, “ఐ వర్క్ హార్డ్‌లీ సర్” అన్నాను, ఎంతో ధీమాగా. ఎదురుగా ఉన్న ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. హార్డ్‌లీ అంటే దాదాపు లేనట్టే. పని చేసే అలవాటు పెద్దగా లేదని నోరారా చెప్పుకున్నానన్నమాట! ఉద్యోగం రాలేదని వేరే చెప్పాలా?

సెలవుల్లో ఊరెళ్లినప్పుడు మాస్టారికి చెప్తే పడీపడీ నవ్వారు. “గా, గా అని మీ బుర్రల్లోకి ఎక్కించింది నేనే కదరా, సగం తప్పు నాది” అంటూ అరుగు మీదే పాఠం మొదలుపెట్టారు.

“ఆల్వేస్ కూడా కలిపి చెప్పు.”

“ఐ ఆల్వేస్ వర్క్ హార్డ్.”

“అసలు క్రియకి ముందు పెట్టావు, బాగుంది. మరి ఆమ్ ఉంటే?”

“దాని తర్వాత సార్. ఐ ఆమ్ ఆల్వేస్ లేట్.”

“అది నాకు తెలుసులే” అన్నారు.