ఉష్‌తొబెలో అన్నం

మా మేనల్లుడు కజకిస్తాన్‌లోని అల్మాటీలో ఎంబీబీఎస్ నాలుగో సంవత్సరం చదువుతున్నాడు. వాడొక్కడే కాదు, మన రెండు రాష్ట్రాల పిల్లలు అక్కడ చాలామందే ఉన్నారు. "మావయ్యా, ముప్ఫై ఏళ్ళు పిల్లలకి మ్యాపులో చూపించారు. ఒకసారి వచ్చి కళ్ళతో చూడండి" అని రెండేళ్ళుగా పిలుస్తున్నాడు. నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి. మనవాళ్ళకి 14 రోజుల వరకు వీసా అక్కర్లేదని తెలిశాక ఇంకేం ఆలోచించలేదు. సెప్టెంబరు చివర్లో ఢిల్లీలో విమానం ఎక్కితే నాలుగు గంటల్లోపే దిగిపోయాను. తణుకు నుంచి హైదరాబాదు వెళ్ళడానికి అంతకంటే ఎక్కువ సేపు పడుతుంది.

మొదటిరోజే వాడు నన్ను గ్రీన్ బజారుకి తీసుకెళ్ళాడు. ఆపిల్ పళ్ళ కాలం. కజక్ భాషలో 'అల్మా' అంటే ఆపిలే. ఇవాళ ప్రపంచమంతా తింటున్న ఆపిల్‌కి మూలమైన అడవి చెట్లు ఆ ఊరి వెనక కనబడే తియాన్‌షాన్ కొండల్లోవే. లోపలికి వెళ్తే ఒక వరసంతా గుర్రపు మాంసం కొట్లు. ఇంకో వరసలో ఒంటె పాలు, గుర్రం పాలు సీసాల్లో పెట్టి అమ్ముతున్నారు. ఎండు పళ్ళ దగ్గర ఉజ్బెకులు, రొట్టెల దగ్గర ఉయ్‌ఘుర్లు, తేనె సీసాల వెనక ఒక రష్యన్ ముసలామె. చెవికి ఎన్ని భాషలు తగిలాయో చెప్పలేను.

కజక్ భాష మాత్రం నాకు ఎందుకో దగ్గరగా వినిపించింది. కొట్టుని 'దుకెన్' అంటారు. కలాన్ని 'కలమ్' అంటారు. సబ్బు 'సబిన్'. స్నేహితుడు 'దోస్'. గాలి 'అవా', అంటే మన హవా. టీ 'షాయ్'. పారశీకం, అరబ్బీల నుంచి అటు స్తెప్పీ గడ్డిమైదానాలకి, ఇటు మన నవాబుల కాలపు కచేరీలకీ నడిచొచ్చిన మాటలే వీటిలో ఎక్కువ. నేను ఒక్కో మాటా పలుకుతుంటే ఆపిల్ పళ్ళు అమ్మే ఆమె సంతోషంతో రెండు పళ్ళు కొసరు వేసింది.

ఆ బజారులో నన్ను నిలబెట్టేసింది మాత్రం సలాడ్ల వరస. తెల్లటి ఏప్రాన్లు కట్టుకున్న కొరియన్ ఆడవాళ్ళు, వాళ్ళ ముందు గిన్నెల్లో గుట్టలుగా సన్నగా తరిగిన క్యారెట్. వెల్లుల్లి, కారం, వెనిగర్ వాసన. దాన్ని 'మోర్కొవ్‌చా' అంటారు. కొరియా దేశంలో ఈ వంటకం లేదట. కిమ్చీకి, అంటే వాళ్ళ ఊరగాయకి, కావలసిన క్యాబేజీ ఇక్కడ దొరక్క, దొరికిన క్యారెట్‌తో చేసుకున్నారు. మరి వీళ్ళు ఇక్కడికెందుకొచ్చారని అడిగాను. "రాలేదు మావయ్యా, తెచ్చి పడేశారు. నా క్లాస్‌మేట్ ఒకమ్మాయి కొరియన్. వాళ్ళ అమ్మమ్మ ఉష్‌తొబెలో ఉంటుంది. అడిగి చూస్తాను, వెళ్దాం" అన్నాడు.

దానికి ముందు అస్తానా వెళ్ళొచ్చాం. రాత్రంతా రైలు. తెల్లారి కిటికీలోంచి చూస్తే గడ్డి, ఆకాశం, మళ్ళీ గడ్డి. గంటలతరబడి ఒక్క చెట్టు కనబడలేదు. 1997లో రాజధానిని అల్మాటీ నుంచి ఇక్కడికి మార్చారు. ఊరి పేరు మాత్రం ఎన్నిసార్లు మారిందో. అక్మొలిన్‌స్క్, సెలినొగ్రాద్, అక్మొలా, అస్తానా, నూర్‌సుల్తాన్, 2022 నుంచి మళ్ళీ అస్తానా. గాజు మేడలు బాగున్నాయి. వాటి గురించి ఫొటోలు చెప్పగలవు. నేను చెప్పాలనుకున్నది టాక్సీ డ్రైవరు గురించి.

యాభై ఏళ్ళుంటాయి ఆయనకి. మేనల్లుడు రష్యన్‌లో మాట్లాడుతూ నాకు తెలుగులో చెబుతున్నాడు. మాటల మధ్య ఆయన నన్ను "మీకు ఏడుగురు తాతల పేర్లు తెలుసా" అని అడిగాడు. కజకుల్లో 'జెతి అతా' అని ఒక ఆచారం ఉంది. జెతి అంటే ఏడు, అతా అంటే తాత. ప్రతి పిల్లవాడూ తండ్రివైపు ఏడు తరాల పేర్లు నోటికి చెప్పాలి. ఆ ఏడు తరాల్లో చుట్టరికం కలిస్తే పెళ్ళి చెయ్యరు. మాకూ గోత్రం ఉంది, ఒకే గోత్రంలో చేసుకోం అని చెబితే తల ఊపాడు. మేనమామ కూతుర్ని చేసుకోవడం మాత్రం మాలో ఉందని చెప్పేసరికి ఆయనకి నమ్మకం కలగలేదు. మా వాడు సరిగ్గా అనువాదం చేశాడో లేదో అని రెండుసార్లు అడిగాడు.

"మరి మీ ఏడుగురి పేర్లు చెప్పండి" అన్నాను. తండ్రి పేరు చెప్పాడు. తాత పేరు చెప్పాడు. ముత్తాత పేరు చెప్పి ఆగిపోయాడు. "నాకు మూడే" అన్నాడు. వాళ్ళ తాత నాలుగేళ్ళ వయసులో అనాథ శరణాలయానికి చేరాడట, కరువులో. తండ్రి పేరు ఒక్కటే గుర్తుంది ఆ పిల్లాడికి. అంతకుముందున్న పేర్లు చెప్పేవాళ్ళు ఎవరూ మిగల్లేదు.

ఆ కరువుని కజకులు 'అశర్‌షిలిక్' అంటారు. నేను ఎన్నో ఏళ్ళు సోవియట్ రష్యా పాఠం చెప్పాను. పంచవర్ష ప్రణాళికలు చెప్పాను, ఉక్కు ఉత్పత్తి అంకెలు బోర్డు మీద రాశాను. ఇది చెప్పలేదు. మా పుస్తకంలో లేదు, నేనూ వెతకలేదు. గొర్రెల్ని, గుర్రాల్ని తోలుకుంటూ బతికే జనాన్ని 1930 ప్రాంతంలో బలవంతంగా ఒకచోట కుదేశారు. పశువుల్ని సామూహిక క్షేత్రాలకి లాక్కున్నారు, మాంసం కోటా కోసం తోలుకుపోయారు. పశువు పోతే పాలు లేవు, తిండి లేదు, కదలడానికి వాహనం లేదు. 1930 నుంచి 1933 దాకా సుమారు 15 లక్షల మంది చనిపోయారు. అందులో 13 లక్షల మంది దాకా కజకులే. అంటే ఆ జాతిలో మూడో వంతు పైనే. లక్షలమంది చైనా వైపు, పక్క రిపబ్లిక్కుల వైపు పారిపోయారు. డొక్కల కరువు గురించి మన పెద్దవాళ్ళు చెప్పుకున్న కథలు వింటూ పెరిగినవాణ్ణి నేను. అయినా ఒక జాతి తన తాతల పేర్లే పోగొట్టుకునేంత కరువు నా ఊహకి అందలేదు. అల్మాటీలో ఒక పార్కులో ఆ మృతుల స్మారకం ఉంది. బిడ్డను చేతుల మీద పెట్టుకున్న తల్లి విగ్రహం. ముందురోజు దాని పక్కనుంచే నడిచి వెళ్ళాం, నేను ఆగలేదు. తిరిగొచ్చాక పనిగట్టుకుని వెళ్ళి కాసేపు నిలబడి వచ్చాను.

డ్రైవరు మమ్మల్ని అస్తానా పొలిమేర దాటి అల్జీర్ అనే చోటికి తీసుకెళ్ళాడు. ఆఫ్రికాలో దేశం కాదు. 'మాతృదేశ ద్రోహుల భార్యల అక్మొలా శిబిరం' అనే రష్యన్ మాటల పొడి అక్షరాలు. స్టాలిన్ మనుషులు భర్తని అరెస్టు చేస్తే, భార్య చేసిన నేరం ఆయన భార్య కావడమే. 1938లో తెరిచారు. మేము వెళ్ళినరోజు గాలి మనిషిని తోసేస్తోంది. నల్ల గోడల మీద ఏడు వేలకు పైగా ఆడవాళ్ళ పేర్లు.

అక్కడ చెప్పే కథ ఒకటుంది. గడ్డకట్టిన చెరువు మీద ఖైదీ ఆడవాళ్ళు రెల్లు కోస్తుంటే, పక్క ఊరి కజక్ ముసలివాళ్ళూ పిల్లలూ వచ్చి వాళ్ళ మీదికి తెల్లటి రాళ్ళు విసిరారట. "చూశారా, ఇక్కడి జనానికి కూడా మీరంటే అసహ్యమే" అని కాపలావాళ్ళు నవ్వారట. ఒకామె కాలు జారి ఆ రాళ్ళ మీద పడితే పాల వాసన వచ్చింది. అవి రాళ్ళు కావు, 'కుర్త్'. పెరుగు గట్టిపరిచి, ఉప్పు వేసి, ఉండలు చేసి ఎండబెట్టేది. కాపలావాళ్ళ కళ్ళుగప్పి తిండి అందించారన్నమాట. డ్రైవరు జేబులోంచి ఒక ఉండ తీసి నా చేతిలో పెట్టాడు. నిజంగా సున్నపురాయిలాగే ఉంది. నోట్లో వేసుకుంటే ముందు ఉప్పు, తరవాత పులుపు, చాలాసేపటికి పాల రుచి.

వారం తిరిగేలోపు ఉష్‌తొబె ప్రయాణం కుదిరింది. ఉష్ అంటే మూడు, తొబె అంటే గుట్ట. సైబీరియా వైపు పోయే పాత రైలు మార్గం మీద చిన్న స్టేషను. మా వాడి కొరియన్ క్లాస్‌మేట్ అమ్మాయి మాతో వచ్చింది. స్టేషను దగ్గర పడుతుండగా నేను కిటికీ దగ్గర లేచి నిలబడ్డాను. గట్లు. మళ్ళు. పసుపు పచ్చగా తిరిగి కంకి వంచిన వరి! వేల మైళ్ళు వచ్చి మా ఊరి పొలిమేర చూసినట్టయింది. "కరతాల్ నది నీళ్ళు. కాలువలు తవ్వింది మావాళ్ళే" అంది ఆ అమ్మాయి.

ఊరి బయట బస్తొబె అనే గుట్ట ఉంది. గుట్ట కింద కొరియన్ల సమాధులు. అక్కడ ఒక నల్లరాయి. 1937 అక్టోబరు 9 నుంచి 1938 ఏప్రిల్ 10 వరకు దూర ప్రాచ్యం నుంచి బలవంతంగా తెచ్చిన కొరియన్లు ఇక్కడ నేలలో గోతులు తవ్వుకుని బతికారని దాని మీద రాసి ఉంది. సోవియట్ తూర్పు కొసన, కొరియా సరిహద్దులో తరాలుగా ఉంటున్నవాళ్ళు వాళ్ళు. జపాన్‌కి గూఢచారులుగా పనికొస్తారన్న అనుమానంతో 1937 ఆగస్టులో హుకుం వేసి, సుమారు 1.72 లక్షల మందిని గూడ్సు పెట్టెల్లో ఎక్కించారు. నెలరోజుల ప్రయాణం. కజకిస్తాన్‌లో, ఉజ్బెకిస్తాన్‌లో దింపి వదిలేశారు. ఈ ఉష్‌తొబె చలికాలంలో సున్నాకి ఎంతో దిగువకి పోతుంది.

అమ్మమ్మగారికి ఎనభై నాలుగేళ్ళు. చిన్న మనిషి, చురుకైన కళ్ళు. చెప్పులు విప్పి లోపలికి వెళ్తే బల్ల మీద అన్నం పెట్టి ఉంది. పక్కన 'చిమ్చీ' (కిమ్చీని వాళ్ళు అలాగే అంటారు), క్యారెట్, పులుసులాంటి చారు. దాంతోపాటు కజకుల బౌర్సాక్‌లు. అవి నూనెలో వేయించిన పిండి ముద్దలు, బూరెలకి చుట్టాలనుకోండి. పాలు పోసిన టీ. ఆమె మనవరాలితో రష్యన్ మాట్లాడింది. పక్కింటి కజకామె గిన్నె తిరిగివ్వడానికొస్తే కజక్‌లో మాట్లాడింది. పని చేసుకుంటూ తనలో తాను గొణుక్కున్నది కొరియన్‌లో అని అమ్మాయి చెప్పింది.

ఆమె పుట్టింది ఇక్కడికొచ్చిన నాలుగేళ్ళకి. వాళ్ళ అన్న, తాను చూడని అన్న, రైల్లోనే పోయాడు. గూడ్సు పెట్టె ఆగినచోట మంచులో పెట్టి వచ్చేశారట. ఏ ఊరో తెలియదు. ఆ మొదటి చలికాలం గోతిలో ఉండగా కజక్ ఆడవాళ్ళు రొట్టె తెచ్చిచ్చారని వాళ్ళమ్మ చచ్చిపోయేదాకా చెప్పేదట. విత్తనాల కోసం తెచ్చుకున్న వడ్లు మాత్రం వాళ్ళు ఆకలితో ఉన్నా ముట్టలేదు. వసంతంలో జల్లారు.

ఆమె మాటలు వింటూ నేను లెక్క వేసుకున్నాను. కరువు 1933లో తగ్గింది. వీళ్ళు దిగింది 1937లో. అంటే ఆ రొట్టె తెచ్చిన కజక్ ఆడవాళ్ళు నాలుగేళ్ళ కిందటే తమ పిల్లల్ని పాతిపెట్టినవాళ్ళు. అన్నం ముద్ద చేతిలో పట్టుకుని కాసేపు తినలేకపోయాను.

ఆ తరవాత కూడా రైళ్ళు ఆగలేదు. 1941లో రష్యాలో వోల్గా నది ఒడ్డున ఉండే జర్మన్లు, 1944లో చెచెన్లు, ఇంగుష్‌లు, మెస్ఖేతియా తుర్కులు. 1954 నుంచి బంజరు దున్నడానికి రష్యన్లు, ఉక్రెయిన్‌వాళ్ళు లక్షల్లో వచ్చారు. 1959 నాటికి సొంత గడ్డ మీద కజకులు నూటికి ముప్ఫైమందే. ఇప్పుడు డెబ్భై దాటారు. 1989లో 9.5 లక్షలకు పైగా ఉన్న జర్మన్లు సోవియట్ కూలాక చాలావరకు జర్మనీకి వెళ్ళిపోయి, 2021 లెక్కకి 2.26 లక్షలయ్యారు. కొరియన్లు మాత్రం లక్ష దాటి ఇక్కడే ఉన్నారు.

అందరూ కలిసిమెలిసి ఉన్నారని రాసేస్తే అది పూర్తి నిజం కాదు. 1986 డిసెంబరులో, కజకిస్తాన్‌తో సంబంధం లేని మనిషిని మాస్కో పార్టీ నాయకుడిగా పంపితే, అల్మాటీ చౌకులో నిరసన తెలిపిన కజక్ విద్యార్థుల్ని చావగొట్టారు. 2020 ఫిబ్రవరిలో కొర్దాయ్ జిల్లాలో దుంగన్ల ఊళ్ళ మీద పడి ఇళ్ళు తగలబెట్టారు, 11 మంది చనిపోయారు. దుంగన్లు చైనా భాష మాట్లాడే ముస్లిములు. రష్యన్ రాకపోతే ఒకప్పుడు పని దొరికేది కాదు, ఇప్పుడు కజక్ రాకపోతే కష్టమవుతోందన్న టెన్షన్ ఆ అమ్మాయి మాటల్లోనూ ఉంది. వార్డుల్లో పల్లెల నుంచి వచ్చే రోగులకి కజకే కావాలి. అందుకే మా వాడూ ఆ అమ్మాయీ కలిసి కజక్ నేర్చుకుంటున్నారు.

భోజనం అయ్యాక అమ్మమ్మగారు నన్ను మీ ఊళ్ళో ఏం పండుతుందని అడిగింది. వరి అన్నాను. ఏడాదికి ఎన్ని పంటలంది. రెండు, సార్వా దాళ్వా అన్నాను. ఆమె మనవరాలి వైపు తిరిగి రెండు వేళ్ళు చూపించి ఏదో అంది. "రెండు పంటలు పండే నేల ఉన్నవాళ్ళు అదృష్టవంతులు అంటోంది" అని చెప్పింది అమ్మాయి. మాకు ఒకటే, అదీ చలి ముందు కోసుకుంటేనే అందట.

వచ్చేటప్పుడు గుడ్డసంచిలో కిలో బియ్యం కట్టిచ్చింది. వద్దంటే వినలేదు. పొట్టి గింజ, కాస్త గుండ్రంగా ఉంది. ఇంటికొచ్చాక మా ఆవిడ అత్తెసరు పెట్టింది. ముద్దగా అయింది. ఇంట్లో అందరం కూర్చుని, ముద్దపప్పు వేసుకుని, ఆవకాయ కలుపుకుని తిన్నాం. ఒక గుప్పెడు తీసి సీసాలో పోసి అలమరలో పెట్టాను, బస్తొబె నల్లరాయి ఫొటో పక్కన.