మార్చిలో చెరువు కాడ పిట్టల లెక్క

చలికాలానికి వచ్చిన పిట్టలు ఉత్తరానికి తిరుగుముఖం పట్టే ఫిబ్రవరి-ఏప్రిల్ నెలల్లో నేను చెరువును పేరు చూసి ఎంచుకోను, బురద చూసి ఎంచుకుంటాను. నల్లగొండ పక్కన పానగల్లు ఉదయసముద్రం పెద్దదే. కానీ అది ఎత్తిపోతల కృష్ణా నీళ్లతో నిండే రిజర్వాయరు. పంపులు నడిస్తే ఎండాకాలంలోనూ మట్టం పెరిగి, నిన్నటి బురద ఇవాళ మునిగిపోతుంది. బాతులకు ఫర్వాలేదు. బురదలో పురుగులు ఏరుకునే ఉల్లంకులకు మాత్రం యాసంగి వరికి తూము వదిలాక సగానికి దిగిన ఊరి చెరువే కావాలి. శిఖం వైపు, అంటే నీళ్లు తగ్గాక తేలే చెరువు నేల వైపు, వేలెడు లోతు నీళ్లు, పక్కనే తడి ఒండ్రు, వాటి మేత అంతా అక్కడే. మిషన్ కాకతీయలో పూడిక తీసిన కొన్ని చోట్ల అంచు నిట్రంగా తెగి గుంతలు మిగిలాయి. అలాంటి ఒడ్డున ఎంతసేపు నిలబడ్డా కొంగలే.

పొద్దు పొడిచేసరికి తూర్పు ఒడ్డుకు చేరితే ఎండ వీపున పడుతుంది. ఎదురెండలో ఏ బాతైనా నల్లగానే కనిపిస్తుంది. చేతికి 8×42 బైనాక్యులర్ చాలు. స్టాండు మీద పెట్టి దూరాన్ని చూసే స్పాటింగ్ స్కోపు ఉన్నా తొమ్మిది దాటితే పెద్దగా పనికిరాదు. నేల వేడెక్కి గాలి అలలాడుతుంటే కాళ్ల రంగు తేలదు. చిన్న ఉల్లంకుల్లో తేడా తెలిసేదేమో కాళ్ల దగ్గరే: లిటిల్ స్టింట్‌వి నల్లవి, టెమ్మింక్స్ స్టింట్‌వి పసుపుపచ్చవి. రఫ్ అనే ఉల్లంకి ఇంకా తిప్పలు పెడుతుంది. మగది ఆడదానికంటే బాగా పెద్దది కాబట్టి ఒకే గుంపును రెండు జాతులుగా రాసేవాళ్లు ఎక్కువ. తోకాడించే చిన్న పిట్ట ఎల్లో వ్యాగ్‌టెయిల్‌లో ఏ ఉపజాతో జనవరిలో కొట్టుకోవడం దండగ, మార్చి ఆఖరుకు మగవాటి తలరంగు తేరుతుంది.

లెక్క బాతులతోనే మొదలుపెట్టాలి. మార్ష్ హ్యారియర్ అనే వేటగద్ద ఒక్కసారి తిరిగిందంటే సూదితోక బాతులు, చెంచామూతి బాతులు అన్నీ కలిసి లేస్తాయి, మళ్లీ మొదటికి రావాలి. పది పిట్టలు ఎంత జాగా పట్టాయో చూసుకుని, ఆ కొలతతో గుంపంతా కొలుస్తాను. పట్టెతల బాతులు రాత్రంతా పొలాల్లో మేసి పొద్దున నీళ్లకు వస్తాయి, దిగేటప్పుడే వరసల్లో లెక్క తేలిక. మార్చి దాటితే అవి దొరకడం కష్టం. గులాబీ గోరువంకలు మాత్రం మోదుగ పూలమీద, జొన్న చేలల్లో ఏప్రిల్ దాకా ఉంటాయి.

బురదలో దిగేముందు కర్ర గుచ్చి చూడాలి. పైన పెచ్చుకట్టి నెర్రెలు బారినా కింద మోకాలి లోతు మెత్తన ఉంటుంది. గొర్లు నడిచిన జాడ ఉంటే దాని వెంటే పోతాను, లేకుంటే కట్ట దిగను.

పిట్టల లెక్కలు నమోదు చేసే ఆన్‌లైన్ వేదిక ఈబర్డ్‌లో, 30 మీటర్లు దాటి నడిస్తే 'ట్రావెలింగ్' కిందే రాయాలి. గుర్తుపట్టిన జాతులన్నీ రాశారా అని అడిగినచోట అవునని పెడితేనే, రాయని జాతి ఆ పూట కనబడలేదని లెక్కకొస్తుంది. సూదితోక బాతులు ఏ వారంలో వెళ్లాయో తెలియాలంటే వారం వారం అదే చెరువు, అదే ఒడ్డు, అదే వేళ.