ఇంటి చుట్టూ పదును

2022 ఆగస్టులో ఒకరోజు మా పడగ్గది తలుపు పడలేదు. ఎంత తోసినా పైమూల చట్రానికి రాసుకుని ఆగిపోయింది. వారం తిరిగేసరికి ఆ మూల నుంచి సీలింగ్ దాకా ఏటవాలుగా ఒక పగులు. బయటికెళ్ళి పడమటి గోడ వెంట చూస్తే పునాదికీ మట్టికీ మధ్య నా చూపుడు వేలు పూర్తిగా దిగేంత సందు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మేముండేది డాలస్ పక్కన ప్లేనోలో. ఆ ఎండాకాలం డాలస్ విమానాశ్రయం దగ్గర వరసగా 67 రోజులు చెప్పుకోదగ్గ చినుకు పడలేదు. నాన్నకి వీడియో కాల్ చేసి సందు చూపించాను. నాన్న నరసరావుపేట దగ్గర పత్తీ మిరపా పండించిన మనిషి. చూడగానే "ఇది మన రేగడే కదమ్మా!" అన్నారు.

నిజంగానే రేగడే. టెక్సాస్‌లో ఈ నేలని బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. ఇళ్ళు లేవకముందు ఇక్కడా పత్తే పండించేవాళ్ళు. ఈ మట్టిలోని కంటికి కనిపించనంత సన్నటి రేణువులు కాగితాల దొంతరలా పొరలు పొరలుగా ఉంటాయి. నీళ్ళు పొరల మధ్యకి చేరితే మట్టి ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని నెర్రెలిస్తుంది. ఇక్కడి పునాది చాలావరకు నేల మీద పరిచిన కాంక్రీటు పలకే. దాని నడిమధ్య కింద తడి నిలిచే ఉంటుంది, అంచుల కింద ముందు ఎండిపోతుంది. అంచు దిగుతుంది, మధ్య దిగదు. గోడ పగిలేది ఆ తేడాకే.

భయపడి ఒక ఫౌండేషన్ రిపేరు కంపెనీని పిలిచాం. గంటలో చూసేసి 18 పియర్లు (పునాది కింద లోతుగా దించే ఆధార స్తంభాలు) వెయ్యాలి, 14,000 డాలర్లవుతుంది అన్నారు. సంతకం పెట్టబోయి ఆగాం. రిపేరు పనితో సంబంధం లేని స్ట్రక్చరల్ ఇంజనీరుకి ఫీజు కట్టి చూపించాం. ఆయన ఇల్లంతా లెవెల్ కొలిచి, పడమటి మూల ముప్పావు అంగుళం దిగిందని, ముందు ఏడాది పాటు చుట్టూ తడి సరిచేసి మళ్ళీ కొలుద్దామని చెప్పారు. మీలో ఎవరికైనా ఇలాంటి టెన్షన్ వస్తే దయచేసి ముందు ఈ పని చెయ్యండి.

సందు చూసిన రోజే అందులో నీళ్ళ పైపు పెడదామనుకున్నాను. నాన్న గట్టిగా వద్దన్నారు. "నెర్రెలో పోసిన నీళ్ళు ఏ మూలకి పోతాయో తెలీదు. ఒకచోట నానిపోద్ది, ఒకచోట ఎండే ఉంటది. చేను పదును చూసినట్టే ఇంటి చుట్టూ పదును చూడాలి." పదునంటే మట్టిలో సరిపడా తడి. ఇంజనీరు కూడా ఇంగ్లీషులో నాన్న మాటే చెప్పారు. ఆగస్టు 22కి డాలస్ విమానాశ్రయం దగ్గర ఒక్క రోజులో 9 అంగుళాలకు పైగా నమోదైన ఆ వాన దంచి కొట్టినప్పుడు నాకు ఆ మాట కళ్ళకు కట్టింది. కప్పు మీది నీళ్ళన్నీ గట్టర్ (చూరు వెంట ఉండే కాలువ) గొట్టంలోంచి సరిగ్గా పునాది మూలన పడి అక్కడే మడుగు కట్టాయి. రెండు నెలలు ఎండబెట్టి, ఒక్కరోజులో నానబెట్టడం. రేగడికి ఇంతకన్నా చెడ్డది లేదు.

ముందు ఆ గొట్టానికి ఆరడుగుల పైపు తగిలించి నీళ్ళని దూరంగా వదిలాం. గోడల వారన మట్టి వాలు బయటికి ఉండేలా సర్దాం. తర్వాత నాలుగు వైపులా సోకర్ హోస్ (పొడవునా సన్నగా నీళ్ళు ఊరే పైపు), గోడకి అంటకుండా 18 అంగుళాల ఎడంగా. టైమర్ పెట్టి తెల్లవారుజామున కొంచెం కొంచెంగా, మా ఊరి నీటి నిబంధనలు చూసుకుని. పడమటి వైపు పెద్ద లైవ్ ఓక్ చెట్టుంది. దాని వేళ్ళు తాగే నీళ్ళు తక్కువేం కాదు, అందుకని అటు కాస్త ఎక్కువసేపు వదులుతాను. చెట్టు కొట్టెయ్యమని ఇద్దరు ముగ్గురు చెప్పారు గానీ నాకు మనసొప్పలేదు.

ఎన్ని నిమిషాలని అడుగుతారు. నిమిషాలు చెప్పలేను, అది వాతావరణాన్ని బట్టి మారుతుంది. నేను చూసేది మట్టిని. పొడవాటి స్క్రూడ్రైవర్ ఆరంగుళాలు సాఫీగా దిగాలి. ఆ లోతు నుంచి పిడికెడు మట్టి తీసి నొక్కితే ఉండ కట్టాలి, చేతికి బంకలా అంటకూడదు. పొడిగా రాలిపోతే తడి చాలలేదు, వేళ్ళ సందుల్లోంచి జారితే ఎక్కువైంది. విత్తనం వేసే ముందు నాన్న చూసే పరీక్షే ఇది. వాన లేకపోతే చలికాలంలో కూడా చూడాలి. ఇక్కడ చాలామంది ఆ నెలలు వదిలేస్తారు.

ఏడాది తర్వాత ఇంజనీరు కొలిస్తే మూల ఇంకేమీ దిగలేదు, కొద్దిగా పైకే వచ్చింది. పియర్లు అక్కర్లేదన్నారు. తలుపు పడుతోంది. పగులు చివర పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేశాను. నిన్న చూస్తే పగులు ఆ గీత దాటలేదు. పొద్దున చుట్టూ తిరిగి చూశాను, పడమర మట్టి చక్కగా ఉండ కట్టింది. ఉత్తరం వైపు చేతికి అంటింది, అటు హోస్ రెండు రోజులు ఆపేశాను.