గాజులో పదిలంగా ఉన్న స్విచ్

"అన్నా, ఇది చూడు, ఇంకా కొత్తదానిలాగే ఉంది" అంటూ మా ఎలక్ట్రీషియన్ తమ్ముడు, ట్యాంకులో నీటిమట్టం కనిపెట్టే ఫ్లోట్ స్విచ్ పగిలితే దాంట్లోంచి సన్నటి గాజు గొట్టం తీసి నా చేతిలో పెట్టాడు.

పక్కనే మోటారు స్టార్టర్ విప్పి ఉంది. కొత్తపట్నం ఉప్పుగాలికి దాని కాంటాక్టులు నల్లబడ్డాయి, స్క్రూలు తుప్పు పట్టాయి. గాజులోని రెండు రేకులు మాత్రం తళతళలాడుతున్నాయి! అయస్కాంతం దగ్గరికి తెస్తే టిక్‌మని అతుక్కున్నాయి. దూరం జరిపితే విడిపోయాయి. చాలాసేపు అదే చేస్తూ కూర్చున్నాను.

దీన్ని రీడ్ స్విచ్ అంటారు. ఇలా గాజులో మూసిన రూపాన్ని 1936లో అమెరికాలోని టెలిఫోన్ పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్‌లో వాల్టర్ ఎల్‌వుడ్ తయారుచేశాడు. నికెల్, ఇనుము కలిపిన రేకులు, మధ్యలో వెంట్రుకవాసి సందు, నైట్రోజన్ లాంటి వాయువు నింపి మూసేసిన గాజు. తేమ, దుమ్ము లోపలికి పోయే దారే లేదు. చుట్టూ తీగ చుట్టి కరెంటిస్తే ఆ తీగచుట్టే అయస్కాంతంలా రేకుల్ని కలుపుతుంది, అదే రీడ్ రిలే. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో ఇలాంటివే కాల్స్ కలిపాయి.

మోటారు కరెంటు మోసే శక్తి దీనికి లేదు. ట్యాంకు నిండిందని కబురు చెప్పడం వరకే దీని పని, బరువంతా స్టార్టర్‌దే. అయినా ఆ ఇంజనీర్ల ఓపికకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

సముద్రం దగ్గర చెరువులున్నవాళ్లు స్టార్టర్ బాక్సుల్లోకి గాలి, తేమ పోకుండా మూత అంచున ఉండే రబ్బరు బీడింగ్ ఒకసారి చూసుకోండి. మాది రేపే మార్పిస్తున్నా.