కాపీ వెనకాల తేదీలు

సోమవారం. పొద్దున్నే మా తమ్ముడి కూతురు ఎడిసన్ నుంచి ఫోన్ చేసింది. అక్కడ ఇంకా ఆదివారం రాత్రే. సిటిజన్‌షిప్ వచ్చాక మొదటిసారి జ్యూరీ డ్యూటీకి పిలిస్తే వెళ్ళొచ్చిందట. మన దగ్గర జ్యూరీ ఎప్పుడో పోయింది కాబట్టి నాకూ వినడానికి సరదాగానే ఉంది. జడ్జిగారి మొహం చూసింది కాసేపే, మిగతా రోజంతా ఆఫీసువాళ్ళతోనే పనట. "నువ్వే గుర్తొచ్చావు పెదనాన్నా. నీ ఉద్యోగాన్ని ఇక్కడ కోర్ట్ అడ్మినిస్ట్రేటర్ అంటారు" అంది.

జిల్లా కోర్టులో నా గది బయట బోర్డు మీద చీఫ్ అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ అనే ఉంటుంది. పాత ప్లీడర్లకి మాత్రం ఇప్పటికీ శిరస్తదారునే.

అది పంపిన లింకులు కాఫీ తాగుతూ చదివాను. న్యూజెర్సీలో 1947 నాటి రాజ్యాంగంలోనే ఈ ఉద్యోగం రాసి పెట్టుకున్నారు. రాష్ట్రంలోని కోర్టులన్నిటి పరిపాలనకీ చీఫ్ జస్టిస్ పెద్ద, ఆయన కింద ఆయనే నియమించుకునే అడ్మినిస్ట్రేటివ్ డైరెక్టర్. ఎడ్వర్డ్ మెకానెల్ అనే ఆయన 1953 నుంచి 1973 దాకా ఆ కుర్చీలో ఉన్నాడు. ఇరవై ఏళ్ళు! ఇక్కడ నేను మూడేళ్ళు ఒకచోట కుదురుగా ఉంటే మా ఆవిడ బదిలీ ఎప్పుడని అడుగుతుంది.

మన పద్ధతి వేరు. హైకోర్టులో రిజిస్ట్రార్ జనరల్ కూడా జడ్జే. జిల్లాలో ప్రిన్సిపల్ జిల్లా జడ్జిగారు రోజంతా బెంచి మీద కూర్చుని, సాయంత్రం ఛాంబర్‌లో స్టాఫ్ సెలవుల దగ్గర్నుంచి కారుతున్న స్లాబు దాకా చూడాలి. ఆ భారం తగ్గిద్దామనే 13వ ఆర్థిక సంఘం 2010లో ఎంబీయే చదివిన కోర్టు మేనేజర్ల కోసం డబ్బిచ్చింది. వాళ్ళ సర్వీసు రెగ్యులర్ చేసే సంగతి 2025లో కూడా సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అంతవరకూ ఎవరు చేస్తారు ఈ పనులు? మాబోటి వాళ్ళమే.

ఆఫీసుకి వెళ్ళేసరికి సర్వర్ లేదు. ఆరోజు కేసుల జాబితా, అదే కాజ్ లిస్టు, ప్రింటు రాలేదని బెంచ్ క్లర్కులు నలుగురూ నా బల్ల దగ్గరే. పదిన్నరకి వచ్చింది లెండి. లోక్ అదాలత్ నోటీసులకి కవర్లు చాలలేదు, ఇన్వర్టర్ బ్యాటరీ మళ్ళీ ఉబ్బింది. ఇవి రోజూ ఉండేవే.

కాపీ సెక్షన్ సూపరింటెండెంట్ సెలవు. అందుకని సర్టిఫైడ్ కాపీలు సంతకానికి నా దగ్గరకొచ్చాయి. మొత్తం పదకొండు. తెచ్చింది కారుణ్య నియామకంలో ఈమధ్యే చేరిన అమ్మాయి. కాపీ వెనక రబ్బరు ముద్ర వేసి గళ్ళలో తేదీలు రాయాలి: దరఖాస్తు ఎప్పుడు పెట్టారు, స్టాంపులు ఎప్పుడు అడిగాం, ఎప్పుడు కట్టారు, కాపీ ఎప్పుడు తయారైంది, ఎప్పుడు ఇచ్చాం. అన్నిటి మీదా 'తయారైంది' గడి ఖాళీ.

"ఇదేంటమ్మా?"

"ఇచ్చేటప్పుడు రాద్దామని సార్. ఎలాగూ రెండూ ఒకటే కదా."

ఒకటి కాదు. మునసబు కోర్టు, అంటే ఇప్పటి జూనియర్ సివిల్ జడ్జి కోర్టు, ఇచ్చిన తీర్పు మీద జిల్లా కోర్టులో అప్పీలుకి ముప్పై రోజులే గడువు. కాపీ కోసం ఆగిన రోజులు అందులోంచి మినహాయిస్తారు. ఆ మినహాయింపు కాపీ తయారైన రోజుతో ఆగిపోతుంది, పార్టీ వచ్చి తీసుకున్న రోజుతో కాదు. అంటే ఆ గడిలో మనం రాసే అంకె ఒక మనిషికి పై కోర్టు తలుపు తీయనూ తీయచ్చు, మూయనూ మూయచ్చు.

అప్పుడే నా సంగతీ చెప్పాను. 1991లో టైపిస్టు-కాపీయిస్టుగా చేరిన కొత్త. ఏ కోర్టో ఇక్కడ రాయను. రెమింగ్టన్ మీద కార్బన్ పెట్టి కొట్టేవాళ్ళం, వేళ్ళకి నీలం. ఒక పొలంగట్టు దావా డిక్రీ కాపీ మీద 'తయారైంది' గడిలో 21వ తేదీ రాయాల్సిన చోట 12 రాశాను. తొమ్మిది రోజులు గాల్లో కలిశాయి. అప్పీలు వేస్తే గడువు దాటిందని కాగితాలు తిప్పి పంపారు. ప్లీడరుగారు ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ వేశారు. దానికి నోటీసు, కౌంటరు, వాయిదా మీద వాయిదా. అప్పీళ్ళు వినే కోర్టు కూడా మా కాంపౌండ్‌లోనే కాబట్టి, వాయిదాకొచ్చినప్పుడల్లా ఆ రైతు వేపచెట్టు కింద గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం నా కిటికీలోంచి కనిపించేది. పిటిషన్ అలౌ అయ్యేసరికి ఏడాది తిరిగింది, అదీ అవతలి వాళ్ళకి ఖర్చులు కట్టమని.

ఆ అమ్మాయి ఏమీ మాట్లాడకుండా పదకొండు కాపీలూ వెనక్కి తీసుకెళ్ళి, రిజిస్టర్ పక్కన పెట్టుకుని గళ్ళు నింపుకొచ్చింది. నేను ఒక్కొక్కటీ సరిచూసి సంతకం పెట్టాను. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"ఆ రైతు అప్పీలు గెలిచాడా సార్?"

తెలీదన్నాను. నిజమే, ఈలోగా నాకు బదిలీ అయింది.

చెప్పనిది ఇంకొకటి ఉంది. అప్పీలు తిరిగొచ్చిన వారంలోనే తప్పు నా కంటపడింది. కాపీ రిజిస్టర్‌లో 21 అనే ఉంది, నా చేతిరాతే. ప్లీడరు చూడలేదు, పై కోర్టు తెప్పించుకోలేదు. ప్రొబేషన్‌లో ఉన్నాను. రిజిస్టర్ మూసి బీరువాలో పెట్టేశాను.